బెల్లం ముక్కకు రద్దు బటన్

ఈ వ్యవహారం మొదలైన నాటికి నా చేతిలో ఏముందో ముందే చెబుతాను. గుల్లిపేట బెల్లం మార్కెట్లో తాత పేరున మొదలై నా పేరుకు మారిన దుకాణం ఒకటి. దాని వెనక గోదాములో ఆరువందల నలభై దిమ్మల బెల్లం, దిమ్మ పది కేజీలు. గోడకు లైసెన్సు. నోట్లో ఒక నాలుక. దానిమీద ముక్క పెడితే పాకం ముదిరిందో లేదో, చెరకు ఉప్పునేలలో పెరిగిందో మంచినేలలో పెరిగిందో చెబుతుంది. జేబులో ఫోను. అప్పు లేదు. తెలివి ఉందనుకునేవాణ్ని.

ముందుగా ఖర్చయింది ఆ చివరిదే.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం, బేరాల్లేని వేళ, ఫోన్లో 'రేపటి ధర' అనే యాప్ ప్రకటన కనబడింది. రేపు బెల్లం ఎంత పలుకుతుందో ఈరోజే చెబుతుందట. ఏడు రోజులు ఉచితం. మనం మనుషులమేనని రుజువు చేసుకోవడానికి మాత్రం ఒక్క రూపాయి కట్టాలి. ముప్పై ఏళ్లుగా రేపటి ధర కోసం ఆకాశం వైపు, లారీల వైపు, పక్క దుకాణం వాడి ముఖం వైపు చూస్తున్నవాణ్ని నేను. రూపాయికి రేపటి ధర! ఇంత చవక సరుకు నా జన్మలో చూడలేదు. పిన్ నొక్కాను.

మొదటి రోజు యాప్ ఇలా చెప్పింది: "రేపు ధర పెరిగే సూచనలున్నాయి, తగ్గే అవకాశాన్ని కొట్టిపారేయలేం." రెండో రోజు ఇదే మాటను వెనకనుంచి ముందుకు చెప్పింది. మూడో రోజు మార్కెట్‌ను గమనిస్తూ ఉండమంది. ఆ పని యాప్ లేకుండానే చేస్తున్నాను కనక దాన్ని మరిచిపోయాను. యాప్ నన్ను మరిచిపోలేదు.

జనవరి రెండో వారంలో నా భార్య వరహాలు బ్యాంకు పుస్తకం పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఏటండీ ఇది? నెలకి పద్నాలుగువందల తొంభై తొమ్మిది ఎవరికి కడతన్నారు? రెండుసార్లు పోయింది."

"రేపటి ధర తెలుసుకోడానికే."

"తెలిసిందా?"

"పెరగొచ్చంది. తగ్గొచ్చు కూడానంది."

"ఆ ముక్కేదో నన్నడిగితే ఊరికే చెప్పీదాన్ని కదా!"

రద్దు చేద్దామని కూర్చున్నాను. రద్దు బటన్ కోసం అరగంట వెతికితే ఒక చిలుక బొమ్మ వచ్చి కన్నీళ్లు కార్చింది. "నిజంగా వెళ్లిపోతారా?" అని అడిగింది. కింద రెండు బటన్లు. అరచేయంత పచ్చ బటన్ మీద 'ఉండిపోతాను' అని ఉంది. ఆవగింజంత బూడిదరంగు దాని మీద 'ఇంకొంచెం ఆలోచిస్తాను' అని ఉంది. మూడోది లేదు. తర్వాత స్వీటీ అనే సహాయకురాలు పలికింది. 'రద్దు' అని రాస్తే, "తప్పకుండా సార్! మీ ప్లాను పెంచమంటారా?" అంది.

నేను వర్తకుణ్ని. నాకు మోసం కొత్త కాదు. రాయి కలిపిన పప్పు చూశాను, తడిపిన మిరప చూశాను. కానీ మోసపోయినవాడు వెళ్లిపోతానంటే మోసగించినవాడు ఏడవడం ఇదే మొదటిసారి చూడటం.

సరిగ్గా ఆ రోజుల్లోనే జిల్లా కేంద్రంలో కొత్త కార్యాలయం తెరిచారు. పేరు 'ఉచిత పరీక్షా వినియోగ మోసాల నివారణ, నియంత్రణ, పర్యవేక్షణ విభాగం'. బోర్డు గోడకన్నా పొడవు. చివరి మాట పక్కవాళ్ల గోడమీద ఉంది. ఉప నియంత్రణాధికారి భవానీశంకరం గారు నన్ను కూర్చోబెట్టి శ్రద్ధగా విన్నారు.

"తమబోటి బాధితుల కొరకే ఈ విభాగం ఆవిర్భవించింది నూకరాజు గారూ," అన్నారు. "ఉచితమను పదము ఎక్కడ వినబడినా అక్కడ మేమున్నాము. ఈ ఫారము పూరింపుడు."

ఫారంలో ముప్పై రెండు గడులు. పంతొమ్మిదో గడి: 'ఫిర్యాదుదారు స్వయముగా ఎవరికైనను, ఏ వస్తువునైనను ఉచితముగా పరీక్షించుకొను అవకాశము కల్పించుచున్నాడా?'

మా మార్కెట్లో బెల్లాన్ని చూసి కొనేవాడు లేడు, నోట్లో వేసుకుని కొంటాడు. అమ్మేవాడు దిమ్మ అంచు నుంచి గోరంత ముక్క విరిచి చేతిలో పెట్టాలి. పెట్టనివాడి బెల్లంలో ఏదో ఉందని లెక్క. ఇది మా మర్యాద. ఛాతీ కాస్త పొంగింది. కొట్టొచ్చినట్టు రాశాను: 'అవును. తాతల నాటి నుంచీ. వచ్చినవారందరికీ రుచి ముక్క ఇస్తాం. పైసా పుచ్చుకోం.'

ముప్పై ఏళ్ల వ్యాపారంలో అంత ఖరీదైన వాక్యం నేను మళ్లీ రాయలేదు.

రెండు వారాలకు రెండు కవర్లు వచ్చాయి. మొదటిది నా ఫిర్యాదు మీద. 'రేపటి ధర సంస్థను తనిఖీ చేయగా సమ్మతి గడి, ముందస్తు సూచన, రద్దు మార్గము మూడును ఉన్నట్లు తేలినది. సూచన అక్షరములు సూక్ష్మదర్శినితో చదువుటకు వీలుగానున్నవి. సదరు సంస్థకు ఉత్తమ అనుసరణ ధ్రువపత్రము ప్రదానము చేయడమైనది.'

రెండోది నాకు నోటీసు. 'తాము తరతరములుగా సమ్మతి పత్రము లేకుండ, ముందస్తు సూచన లేకుండ, రద్దు మార్గము లేకుండ, అసంఖ్యాక ప్రజలకు ఉచిత పరీక్షలు జరుపుచున్నట్లు స్వయముగా అంగీకరించినారు. ఇరువది యొక్క దినములలో సరిచేసుకొననిచో దుకాణమునకు, గోదామునకు సీలు వేయబడును.'

ఇరవై ఒక్క రోజులంటే శివరాత్రి దాటుతుంది. ఎండలు ముదిరితే మూసిన గోదాములో బెల్లం చెమరుస్తుంది, తర్వాత కారుతుంది. ఉగాదికి అమ్ముడుపోవలసిన ఆరువందల నలభై దిమ్మలు ఉగాదికి పాకమై తలుపు కింద నుంచి వీధిలోకి వస్తాయి. మా ఏడాది బతుకంతా ఆ ఒక్క నెలలో ఉంది.

భవానీశంకరం గారు ఇద్దరు సహాయకులతో తనిఖీకి వచ్చారు. నేను అలవాటు కొద్దీ ముగ్గురి చేతుల్లోనూ ముక్కలు పెట్టాను. ఆయన ఆ ముక్కను వెలుగుకు ఎత్తి చూశారు.

"ఇదియేనా సదరు పరీక్ష?"

"ఇదేనండి. తినండి బాబూ."

"తినెదను. అయితే దీనికి రద్దు మార్గమేది?"

"నచ్చకపోతే కొనరండి. వెళ్లిపోతారు."

"అది నిష్క్రమణ. రద్దు కాదు. రద్దు అనగా వినియోగదారుని పూర్వస్థితి పునరుద్ధరించుట. ఒక్కసారి మింగిన ముక్క విషయమై తమరు పూర్వస్థితిని ఎట్లు పునరుద్ధరింతురు?"

"మంచినీళ్లిస్తామండి."

సహాయకుడు 'మంచినీళ్లు' అని రాసుకున్నాడు. ఆయన ముక్క నోట్లో వేసుకున్నారు. ముఖంలో అధికారం కొంచెం కరిగింది. "బాగున్నది," అన్నారు. "అందుచేత ఇది మరింత ప్రమాదకరము. చెడ్డ సరుకుతో ఎవడూ వల వేయడు."

నాకు తోచిన చవక ఉపాయం, రుచి చూపించడం మానేయడం. బోర్డు పెట్టాను: 'రుచి చూడరాదు.' మర్నాడు పొద్దున్నే ఎర్నమ్మ వచ్చింది. అరిసెలు చేసి చుట్టుపక్కల పాతిక ఊళ్లకు అమ్ముతుంది. ఉగాదికి మా దగ్గర ఎనిమిది దిమ్మలు పట్టుకెళ్తుంది. చెయ్యి చాచింది. నేను బోర్డు చూపించాను.

"నాకు సదువు రాదు బాబూ. ఏటని రాసీసేవు?"

"రుచి చూడకూడదని, ఎర్నమ్మా."

"ఓలమ్మో! నోట్లో ఎయ్యకుండా బెల్లం కొనీమంతావేటి సావుకారూ? ఉప్పు బెల్లమైతే నా అరిసెలు మూకుట్లోనే ఇరిగి సస్తాయి. పిల్లని సూడకుండా పెళ్లి సేసుకుంతారా ఎవులైనా?"

"గవర్నమెంటోళ్ల రూలమ్మా."

"గవర్నమెంటోళ్లు అరిసెలు వొండుతారేటి?" అని నా ముఖాన్ని పరీక్షగా చూసింది. "బెల్లంలో ఏదో ఉన్నాది. లేపోతే నువ్వెందుకు దాస్తావు?"

ఆ మాట మధ్యాహ్నానికల్లా మార్కెట్ నిండా పాకింది. నా బెల్లంలో ఏదో ఉన్నాది. వారం తిరిగేసరికి నాలుగు దిమ్మలు అమ్మాను, రెండు వెనక్కి వచ్చాయి.

అప్పుడు విభాగానికి వెళ్లి చేతులు కట్టుకుని అడిగాను. "అయ్యా, రుచి చూపించీ, నేరం కాకుండా ఉండే మార్గం ఏదో మీరే చెప్పండి."

భవానీశంకరం గారు ఎంతో సంతోషించారు. "ఇది అడుగువాడే లేడు," అన్నారు. "అందరూ రూలు తీసివేయమనువారే. తమకొరకు అనుసరణ కిట్టు సిద్ధముగానున్నది. మొదటి నెల ఉచితము."

ఈసారి చిన్న అక్షరాలు చదివాను. రెండో నెల నుంచి నెలకు తొమ్మిదివందలు.

"దీన్ని రద్దు చేసుకోవాలంటే ఎలాగండి?"

"కిట్టు రద్దు విధానము ఇంకను రూపకల్పన దశలో ఉన్నది," అన్నారు.

కిట్టు విప్పి చూశాను. ఏడు పేజీల సమ్మతి పత్రం. ఫోనుతో స్కాన్ చేసే గళ్లబొమ్మ పలక. గుర్తింపు ధ్రువీకరణకు ఒక రూపాయి. ఒకసారి రుచి చూస్తే ఒక చందా. రెండుసార్లు చూస్తే రెండు. నెల ఒకటో తేదీకి చందా దానంతటదే మొదలవుతుంది, సరుకు ఇంటికి వెళ్తుంది, డబ్బు వస్తుంది. మూడు ప్లాన్లు: ఒక కేజీ, అయిదు కేజీలు, పూర్తి దిమ్మ. దిమ్మ పక్కన 'అత్యంత ప్రజాదరణ పొందినది' అని ముద్రించి, ముందే టిక్కు పెట్టి ఉంచారు. చివర రద్దు మార్గం. నొక్కితే చిలుక వచ్చింది. ఏడ్చింది.

నాకు ఆ చిలుక పరిచయమే. విభాగానికి సొంత నమూనా లేకపోవడంతో, ఉత్తమ అనుసరణ ధ్రువపత్రం పొందిన సంస్థ తెరలనే ఆదర్శంగా తీసుకున్నారట. స్వీటీ కూడా ఉంది. రేపటి ధర బదులు బెల్లం అని మార్చారు, అంతే.

ఇక నేను ఏమీ చెయ్యలేదు. నిబంధన చెప్పినట్టే చేశాను. ఫోనున్న ప్రతి కొనుగోలుదారు చేతా స్కాన్ చేయించి, రూపాయి కట్టించుకుని, ముక్క ఇచ్చాను. పాత ఖాతాదార్ల విషయంలో మాత్రం నా చేత్తో దిమ్మ టిక్కు తీసి కేజీకి మార్చాను. అధికారుల గడి ముట్టుకోలేదు. ప్రభుత్వ వ్యవహారాల్లో వేలు పెట్టే అలవాటు నాకు లేదు.

లైసెన్సు నిలిచింది. బేరం నిలవలేదు. ఎర్నమ్మ లాంటివాళ్ల దగ్గర స్కాన్ చేసే ఫోన్లు లేవు. "ఫోను లేనివారిని రక్షించు సాంకేతిక సదుపాయము లేదు. కావున వారు రుచి చూడరాదు," అని విభాగం రాతపూర్వకంగా తెలిపింది. ఉన్నవాళ్లు కూడా ఏడు పేజీలు చదివేసరికి వచ్చిన పని మరిచిపోయేవారు. ఒకాయన అయిదో పేజీ దగ్గర నిద్రపోయాడు. ఉగాది రద్దీలో ఇలా అయితే రోజుకు ఆరుగురికి అమ్మగలను. ఆరువందల దిమ్మల గతి ఏమిటి? రూలు పోతే తప్ప సరుకు పోదు.

భవానీశంకరం గారు మాత్రం వస్తూనే ఉన్నారు. అనుసరణ పురోగతి చూడటానికట. రోజు విడిచి రోజు ఒకసారి, కొన్నిసార్లు వరసగా. వచ్చిన ప్రతిసారీ సహాయకులతో సహా స్కాన్ చేయడం, రూపాయికి పిన్ నొక్కడం, ముక్క చప్పరించడం. ఒకసారి కూడా పత్రం చదవలేదు.

"చదవరేంటండి?" అని అడిగాను ధర్మంగా.

"మేమే వ్రాసితిమి కదా," అన్నారు.

నెలాఖరులో విభాగం సిబ్బంది పదహారుగురినీ అధ్యయన యాత్రకు తెచ్చారు. దుకాణం ముందు 'ఆదర్శ పరీక్షా విక్రయశాల' అని పలక పెట్టి ఫోటోలు తీశారు. పదహారుగురూ స్కాన్ చేశారు, పదహారుగురూ తిన్నారు. ముగ్గురు ఇంకో ముక్క అడిగారు.

మార్చి ఒకటో తేదీ వచ్చింది. భవానీశంకరం గారి పద్నాలుగు, సహాయకులవి చెరి పద్నాలుగు, యాత్రవి పదహారు, రెండో ముక్కవి మూడు, మొత్తం అరవై ఒక్క దిమ్మలు. చిరునామా గడిలో అందరూ ఆఫీసు చిరునామాయే రాశారు. మా సరుకు మోసే కళాసీల మేస్త్రీ అప్పన్న రెండు ఆటోలు మాట్లాడుకుని వెళ్లి, సంతకం తీసుకుని దింపేసి వచ్చాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఏటన్లేదు బాబూ. లంచమనుకుని లోపల పెట్టించీసేరు."

మధ్యాహ్నానికి అందరి ఫోన్లకూ బ్యాంకు సందేశాలు వచ్చాక లంచం కాదని తెలిసింది. భవానీశంకరం గారి ఖాతాలో ఏడువేలు తగ్గాయి. వెంటనే ఫోను చేశారు.

"నూకరాజు గారూ, ఏమిటీ దిమ్మలు? ఎవరడిగారు మిమ్మల్ని?" గ్రాంథికం కాస్త జారింది.

"తమ సమ్మతి పద్నాలుగు పర్యాయములు నమోదైనదండి," అన్నాను. ఆయన భాష నాకూ కొంత పట్టుబడింది. "ముందస్తు సూచన ఏడవ పేజీ అడుగున కలదు."

"రద్దు చేయండి!"

"రద్దు మార్గము తమరు ఆమోదించిన చోటనే ఉన్నదండి."

ఆ సాయంత్రం ఆయన చిలుకతో ఎంతసేపు గడిపారో నాకు తెలీదు. స్వీటీ ప్లాను పెంచమంటారా అని అడిగినప్పుడు మాత్రం కోపంలో ఏదో నొక్కారు. వచ్చే నెలకు ఆయన పద్నాలుగు దిమ్మలు ఇరవై ఎనిమిదయ్యాయని నా తెర చూపించింది.

నాలుగో రోజున ఎండవేళ జీపు లేకుండా, సహాయకులు లేకుండా, ఒక్కరే నడిచి వచ్చారు. చొక్కా మీద రెండు చీమలున్నాయి. ఆఫీసంతా చీమలేనట, ఫైళ్లు తెరిస్తే బారులు తీరి వస్తున్నాయట. వరహాలు మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని, "ఇదేమన్నా పరీక్షా వినియోగమా అమ్మా?" అని అడిగారు.

"తాగండి బాబూ, మజ్జిగకి ఫారం లేదు," అంది. "ఫోనిలాగ ఇవ్వండి. డబ్బు కట్టీ యాప్ తెరవండి. ఇదుగో, ఇక్కడ ఆటోపే అని ఉంది సూడండి. ఎవరెవరు మీ ఖాతాలోంచి నెలనెలా తీసుకుంటన్నారో అన్నీ ఇక్కడే ఉంతాయి. ఒక్కొక్కటీ నొక్కి తీసీడమే. సిలకనీ అడగక్కర్లేదు, సీటీనీ అడగక్కర్లేదు."

"నీకెలా తెలుసే?" అన్నాను.

"బ్యాంకులో కౌంటర్ పిల్ల సూపించింది. రెండు నిమిషాల పని. మీ రేపటి ధరది ఆ మర్నాడే మీ ఫోన్లో తీసీసేను."

"నాతో చెప్పలేదే!"

"మీరు ఫారాలు రాసుకుంటూ హుషారుగా ఉన్నారు కదా. పాడుచెయ్యడం ఎందుకని."

డబ్బు పోవడమే గమనించనివాడు పోకపోవడాన్ని గమనిస్తాడా? నేను గమనించలేదు.

ఆమె వేలు తెరమీద జరుగుతోంది. పద్నాలుగు బెల్లం వరసలూ దాటాక కూడా జాబితా ఆగలేదు. "ఇవేటి బాబూ? జుట్టు మొలిపించే నూనె... మూడువందల తొంభై తొమ్మిది. రోజుకో మంచి మాట... నూట నలభై తొమ్మిది. గిటారు నేర్సుకోండి... ఆరువందలు. మీరు గిటారు వాయిస్తారా?"

భవానీశంకరం గారు గ్లాసు కింద పెట్టారు. "లేదమ్మా. మూడేళ్ల కిందట ఒక వారం అనుకున్నాను."

అలాంటివి పదకొండు. నెలకు నాలుగువేల మూడువందలు. అన్నీ ఏదో ఒక వారం ఉచితంగా మొదలైనవే. మోసాల నివారణాధికారి ముఖం చూస్తే నాకు నవ్వు రాలేదు. రూపాయికి పిన్ నొక్కిన నా వేలు గుర్తొచ్చింది. వరహాలు పాతికసార్లు ఆయన చేత నొక్కించింది. గిటారు దగ్గర ఆయన వేలు కాసేపు ఆగింది, తర్వాత నొక్కారు.

"ఉచితమని చేరిన రోజునే ఇక్కడికొచ్చి తీసీయండి," అంది వరహాలు. "వారం రోజుల తర్వాత మనకి గుర్తుండదు. వాళ్లకి గుర్తుంటాది."

"ఈ పేజీ ఒకటున్నదని మా విభాగమునకు తెలియదు," అన్నారు ఆయన లేస్తూ. "ప్రజలకు తెలియజేయవలసినదే. కమిటీ వేసెదను."

"రూలు సంగతి ఏం చేస్తారండి?" అన్నాను. "ఉగాదికి పదమూడు రోజులే ఉంది."

"రూలు రూలే," అన్నారు. జేబు వేరు, కుర్చీ వేరు.

నా పని జరగలేదు. కానీ అరవై ఒక్క దిమ్మలు ఆయన ఆఫీసులో ఇంకా ఉన్నాయి. 'అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు' అని కిట్టులోనే ఉంది కాబట్టి నేను తీసుకోలేను. చీమలు మూడో అంతస్తుకు చేరాక, ఉన్నత కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది: బహిరంగ వేలం వేసి వదిలించుకోండి.

ఉగాదికి తొమ్మిది రోజుల ముందు ఆఫీసు వరండాలో వేలం. మా మార్కెట్ వాళ్లం నలభైమంది వెళ్లాం. ఎర్నమ్మకు నేనే కబురు పంపాను, చవకగా పోతుందని. భవానీశంకరం గారు సుత్తి పట్టుకుని, "సర్కారువారి పాట! దిమ్మ రెండువందలు!" అన్నారు.

ఎవరూ పలకలేదు. ఎర్నమ్మ ముందుకొచ్చి చెయ్యి చాచింది.

"ఏమి కావలెనమ్మా?"

"ముక్క బాబూ. రుసి సూడకుండా పాట ఎలాగ పాడతాం? చీమలు తిన్న బెల్లం కదా, వాటికి నచ్చినాదో లేదో నాకెలాగ తెలుస్తాది?"

"నిజమే, నిజమే," అన్నారు వెనక నుంచి. నలభై చేతులు చాచుకుని ఉన్నాయి. ఆయన చెమట తుడుచుకుని, సహాయకుడితో, "ఇవ్వవయ్యా ఒక్కొక్క ముక్క," అన్నారు.

సహాయకుడు దిమ్మ విరవబోయాడు. నేను చెయ్యెత్తాను.

"మన్నించండి సార్. ఇది ఉచిత పరీక్ష కదండీ? సమ్మతి పత్రాలు తెచ్చారా?"

సహాయకుడు దిమ్మ కింద పెట్టేశాడు.

"ఈ ఎర్నమ్మకి ఫోను లేదండి. ఫోను లేనివాళ్లు రుచి చూడరాదని తమ ఉత్తరం నా దగ్గరుంది. తమ విభాగం అనుసరణ కిట్టు తీసుకుందాండి? లేకపోతే ఇరవై ఒక్క రోజుల నోటీసు..."

"ఎవరికి నోటీసు?"

"తమకేనండి. తమరే ఇవ్వాలి."

భవానీశంకరం గారు సుత్తి బల్లమీద పెట్టి చాలాసేపు ఆలోచించారు. రుచి చూపిస్తే నేరం. చూపించకపోతే పాట లేదు. పాట లేకపోతే చీమలు నాలుగో అంతస్తుకు వెళ్తాయి. అక్కడ ఉన్నతాధికారి గది ఉంది. తన ఆఫీసుకు తాను సీలు వేసుకుంటే లోపల ఎవరుండాలన్నది కూడా ఆయన ఆలోచించి ఉంటారు.

"ఓ బాబూ, సెయ్యి నొప్పెడతంది," అంది ఎర్నమ్మ, చాచిన చెయ్యి దించకుండా.

ఆయన కాగితం తెప్పించుకుని అక్కడికక్కడే రాశారు. 'నాలుకపై కరిగిపోవు వస్తువుల విషయమున పూర్వస్థితి పునరుద్ధరణ ప్రకృతి విరుద్ధమగుటచే, సదరు వస్తువుల రుచి ముక్కలను ఈ నిబంధన పరిధి నుండి తక్షణమే మినహాయించడమైనది.' ముద్ర వేశారు. తర్వాత తానే దిమ్మ విరిచి ఎర్నమ్మ చేతిలో పెట్టారు. ఆమె కళ్లు మూసుకుని నమిలింది.

"సావుకారూ, ఇది నీ బెల్లమేనా?"

"నాదే."

"మరి మంచిదే కదా! ఎందుకు దాసేవు?" అని తిట్టి, పది దిమ్మలు పాడుకుంది.

మర్నాటి నుంచి దుకాణం ముందు ఎప్పటిలాగే చేతులు చాచుకున్నాయి. ఉగాది ముందురోజు సాయంత్రానికి గోదాము తలుపు కింద నుంచి ఏమీ కారలేదు. లోపల ఏమీ మిగల్లేదు.

ఇక లెక్క. రేపటి ధరకు పోయింది మూడువేలకు ఒక్క రూపాయి తక్కువ. వాళ్ల ధ్రువపత్రం ఇంకా వాళ్ల గోడమీదే ఉంది. ఆటోపే పేజీ గురించి ప్రజలకు చెప్పడానికి వేసిన కమిటీ మొదటి సమావేశం తేదీ మీద చర్చిస్తోంది. దిమ్మలన్నీ అమ్ముడయ్యాయి. విభాగం ఫోటో తీసి పెట్టుకున్న దుకాణమని పక్క జిల్లాల నుంచి కూడా కొందరు వచ్చారు.

కిట్టు పుణ్యమా అని రెండువందల ముప్పై మూడు చందాలు నమోదయ్యాయి. అందులో ఆఫీసువారివి అరవై ఒకటి పోయాయి. మా ఖాతాదార్లు ఆటోపే పేజీ తెరిచి నూట ఇరవై ఎనిమిది తీసేశారు. వాళ్లకు ఆ పేజీ చూపించింది వరహాలే. మిగిలినవి నలభై నాలుగు. నెలకో కేజీ బెల్లం ఆ ఇళ్లకు ఇప్పటికీ వెళ్తోంది, డబ్బు దానంతటదే వస్తోంది.

మొన్న వరహాలు అడిగింది. "ఈ నలభై నలుగురూ మన బెల్లం ఇష్టపడి ఉంచుకున్నారా, మరిచిపోయి ఉంచుకున్నారా?"

తెలీదన్నాను.

"అడగొచ్చు కదా?"

అడిగితే గుర్తొస్తుంది.